బంతి ఇచ్చేస్తే బాధ్యత తీరుతుందా?

"నేను ఇచ్చేశాను, ఇక నాకు సంబంధం లేదు" అని మనం చాలాసార్లు అంటుంటాం. ఇచ్చేస్తే నిజంగా సంబంధం తీరిపోతుందా? ఈ ప్రశ్న నాకు క్లాసులో రాలేదు, ఫుట్‌బాల్ ఆడుతుంటే వచ్చింది.

మా అత్తిబెలెలో సాయంత్రం ఆటంటే మూడు భాషలు. "ఇల్లి కొడో" అని ఒకడు కన్నడంలో, "ఇంగ పోడు" అని ఒకడు తమిళంలో, "ఇటియ్యరా" అని మేము. అందరూ అడిగేది బంతినే.

పోయిన నెల సెక్షన్ల మ్యాచ్‌లో స్కోరు 1-1. గోలు దగ్గర బంతి నాకు వచ్చింది. పక్కనే నా స్నేహితుడు ఖాళీగా ఉన్నాడు. వెంటనే ఇచ్చేశాను. ఇచ్చి అక్కడే నిలబడిపోయాను. ఇద్దరు వాణ్ణి చుట్టుముట్టారు. తిరిగి ఇద్దామంటే వాడికి ఎవరూ దొరకలేదు. బంతి పోయింది, అవతలివాళ్లు గోలు కొట్టారు. అందరూ వాణ్ణే తిట్టారు. "నేను పాస్ ఇచ్చానుగా" అనుకుని నేను నోరు మెదపలేదు.

తర్వాత పీటీ సార్ హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి చెప్పారు. ఆయన బడిపంతులుగా కూడా పనిచేశారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పిల్లలు బంతిని కాళ్ల దగ్గరే దాచుకోకుండా త్వరగా పాస్ ఇవ్వడం నేర్చుకోవాలని, డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో ఆయన పోటీలు పెట్టారట.

ఆ ఆటలో ఇచ్చినవాడు ఆగకూడదు. ఇచ్చిన వెంటనే ఖాళీ చోటుకి పరుగెత్తాలి. అప్పుడే అందుకున్నవాడికి ఇంకో దారి ఉంటుంది. కాబట్టి బంతి రాకముందే రెండు సంగతులు ఆలోచించాలి: ఎవరికి ఇస్తాను, ఇచ్చాక నేనెక్కడ ఉంటాను? నేను మొదటిది మాత్రమే ఆలోచించాను.

మరి వాడు చేసే ప్రతి తప్పుకీ నేనే బాధ్యుణ్ణా? కాదు. గోలు ముందు ఒంటరిగా ఉండి బయటికి తన్నితే అది వాడి పొరపాటే. కానీ పరుగెత్తడం నా కాళ్లలో ఉన్న పని. అది చేయకపోవడం నా తప్పే. తిడుతుంటే ఊరుకోవడం అంతకంటే పెద్ద తప్పు. చెల్లికి లెక్క ఒకసారి చెప్పి, అర్థమైందో లేదో చూడకుండా లేచిపోవడం కూడా ఇలాంటిదే కదా!

మర్నాడు అందరి ముందు "తప్పు నాది కూడా" అని చెప్పాను. వాడు నవ్వి, "సరేలేరా, ఈసారి ఇచ్చి పరుగెత్తు" అన్నాడు.