చిన్న దేశము - పెద్ద ఋణము



ఉపాధ్యాయుడిగా పని చేసిన రోజుల్లో ప్రపంచ పటము గోడకు తగిలించి పిల్లలకు దేశాలు చూపించేటప్పుడు, సింగపూరు దగ్గరకు వచ్చేసరికి నాకు చిక్కు వచ్చేది. బెత్తము కొన పెడితే దేశమంతా దాని క్రిందనే దాగిపోయేది. "ఇంతేనా సార్?" అని పిల్లలు నవ్వేవారు. ఇంతే గల ఆ దేశము ఎట్లా బాగుపడింది, అందులో మనము నేర్చుకోవలసినదేమిటి, నేర్చుకోకూడనిదేమిటి అనే విషయము ఈసారి ఆలోచిద్దాము.

1965 ఆగస్టు 9న సింగపూరు మలేషియా నుండి వేరైంది. ఆ రోజు టెలివిజన్‌లో మాట్లాడుతూ ప్రధానమంత్రి లీ క్వాన్ యూ కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. అప్పటికి దాని విస్తీర్ణము సుమారు 580 చదరపు కిలోమీటర్లు, జనాభా 19 లక్షల లోపు. గనులు లేవు, చెప్పుకోదగ్గ పంటభూములు లేవు. త్రాగే నీళ్ళు కూడా చాలావరకు పొరుగున ఉన్న జోహోరు నుండి గొట్టాలలో రావలసిందే. 1968 జనవరిలో బ్రిటను తన సైనిక స్థావరాలు మూసివేస్తామని ప్రకటించింది. వాటిని నమ్ముకొని బ్రతికే వేలాది మందికి పని పోయే కాలము వచ్చింది.

ఇట్టి స్థితిలో ఆ నాయకులు చేసిన పనులన్నిటి వెనుక ఒకే తలంపు కనబడుతుంది: "మనకు ఎవరూ ఋణపడి లేరు. మన కూడు మనమే సంపాదించుకోవాలి."

ఐక్యరాజ్యసమితి తరఫున 1960లో అక్కడికి వచ్చిన డచ్చి ఆర్థికవేత్త ఆల్బర్ట్ విన్సీమియస్ ఇచ్చిన తొలి సలహాలలో ఒకటి, రాఫెల్స్ దొర విగ్రహాన్ని తీసివేయవద్దని. పాత పాలకుల మీద కోపము తీర్చుకోవడము కంటె, పెట్టుబడి పెట్టేవారికి ధైర్యము కలిగించడము ముఖ్యమని అతని భావము. నాయకులు ఆ మాట విన్నారు. ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ జురాంగ్ అనే చిత్తడి నేలను పూడ్పించి పారిశ్రామికవాడ కట్టించాడు. మొదట్లో ఫ్యాక్టరీలు రాకపోయేసరికి జనము దానిని "గో గారి వెర్రి" అని ఎగతాళి చేశారు. తరువాత ఫ్యాక్టరీలు నిండాయి. 1972లో కంటైనర్ ఓడల రేవు తెరిచారు. నీళ్ళ కొరతకు జవాబుగా, వాడిన నీటిని శుద్ధి చేసి మళ్ళీ వాడే కర్మాగారాలను 2003 నుండి నడుపుతున్నారు.

లంచము విషయములో పెద్దవారినీ వదలలేదు. 2024లో రవాణాశాఖ మాజీ మంత్రి ఈశ్వరన్‌కు, పదవిలో ఉండి కానుకలు పుచ్చుకొన్నందుకు, విచారణకు అడ్డుపడినందుకు 12 నెలల జైలు శిక్ష పడింది. 1965లో మనిషికి ఏడాదికి సుమారు 500 డాలర్లుగా ఉన్న సగటు ఆదాయము నేడు 80,000 డాలర్లు దాటింది. పౌరులలో అత్యధికులు ప్రభుత్వము కట్టించిన ఇళ్ళలో ఉంటున్నారు. ఇదంతా మెచ్చుకోవలసినదే. పరాయి చోట కష్టపడి నిలద్రొక్కుకొన్న మనవంటి వారికి ఈ కథ మన ఇంటి కథలాగే వినిపిస్తుంది.

అయితే "మనకు ఎవరూ ఋణపడి లేరు" అనే మాట కొంతకాలానికి, మనకు తెలియకుండానే, "మనము ఎవరికీ ఋణపడి లేము" అనే మాటగా మారిపోగలదు. మొదటిది మనిషిని నిలబెట్టే మాట. రెండవది మనిషిని గట్టిపరచే మాట. ఈ రెంటికీ మధ్య దూరము చాలా తక్కువ.

2019లో మా చిన్నమ్మాయి ఇంటికి వెళ్ళి ఒక నెల సింగపూరులో ఉన్నాను. తెల్లవారి నడకకు వెళ్ళినప్పుడల్లా, వెనుక భాగములో మనుషులను కూర్చోబెట్టుకొని పోయే లారీలు కనిపించేవి. వారు కట్టుబడి పనివారు. ఒక ఆదివారము లిటిల్ ఇండియాలో తెలుగు మాట చెవిన పడి ఆగాను. జగిత్యాల వైపు కుర్రవాడు. మాటలు కలిసిన తరువాత, "ఇక్కడ జీతం చెప్పిన రోజుకు పడతది సార్, ఆ మాట అబద్ధం చెప్పొద్దు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరనీకే రెండేండ్లు పట్టింది" అన్నాడు. ఫోనులో తన బిడ్డ ఫోటో చూపించాడు. మూడేళ్ళ పాప. "ఇంకా ఎత్తుకోలే సార్" అన్నాడు. అట్టి పనివారు భార్యాబిడ్డలను అక్కడికి తెచ్చుకొని కాపురము పెట్టడానికి చట్టము ఒప్పుకోదు.

2024 లెక్క ప్రకారము సింగపూరులో ఉన్న 60 లక్షల మందిలో 18 లక్షలకు పైగా పౌరులూ కారు, శాశ్వత నివాసులూ కారు. 2020లో కరోనా వచ్చినప్పుడు, ఒక్కొక్క గదిలో పది ఇరవై మంది ఉండే కార్మికుల వసతిగృహాలలో అది కార్చిచ్చులా పాకింది. అక్కడివారిలో దాదాపు సగము మందికి సోకిందని ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వమే ప్రకటించింది. వారికి మంచి వైద్యము చేయించారు, మరణాలు బహు తక్కువ. ఆ మేలు దాచకూడదు. కాని ఆ గదులు అంతకు ముందు కూడా ఆ ఊరిలోనే ఉన్నాయి.

"వారు ఇష్టపడి వచ్చారు. ఒప్పుకొన్న కూలి ఇచ్చాము. ఇంకేమి ఋణము?" అని అడగవచ్చు. ఈ ప్రశ్న తేలికైనది కాదు. ఇంటి దగ్గర దొరకని కూలి అక్కడ దొరుకుతున్న మాట నిజము. చిన్న దేశము వచ్చిన ప్రతివారికి పౌరసత్వము ఇవ్వలేదన్న మాట కూడా నిజమే. అయితే ఒక సంగతి గమనించండి. 2014లో సింగపూరు ప్రభుత్వము, దేశము పుట్టినప్పుడు కష్టపడిన తరము పౌరులకు వైద్య ఖర్చులలో ప్రత్యేక సహాయము ప్రకటించింది. వారు కూడా చేసిన పనికి ఆనాడే జీతము పుచ్చుకొన్నవారే గదా! అయినా దేశము వారికి ఋణపడి ఉందని ప్రభుత్వము ఒప్పుకొంది. అంటే కూలి ఇచ్చినంత మాత్రాన ఋణము తీరదని ఆ దేశానికి తెలుసు. తెలిసిన ఆ న్యాయము లారీ వెనుక కూర్చున్నవాని దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. అతడు అడిగేది పౌరసత్వము కాదు. కూర్చోవడానికి బస్సులో ఒక సీటు, గాలి ఆడే గది, బిడ్డను చూచి రావడానికి సెలవు. సంపన్న దేశానికి ఇవి భారము కావు.

ఇంతవరకు వ్రాసి కలము క్రింద పెట్టాను, ఎందుకంటే తరువాతి మాట నా గురించి.

మా తాత చిత్తూరు జిల్లా నుండి వచ్చి కోలారు బంగారు గనిలో దిగాడు. నేను ఆ గని లైనులలోనే పుట్టాను. తీసిన బంగారము ఎక్కడికో పోయింది, గని దుమ్ము మాత్రము మా తాత ఊపిరితిత్తులలో మిగిలింది. "కూలి ఇచ్చాము గదా" అనే మాట మా ఇంట్లో అందరికీ తెలిసిన మాట. అట్టివాడిని నేను పదేళ్ళ క్రిందట బెంగుళూరులో ఇంటి మీద అంతస్తు కట్టించాను. పనివారు రాయచూరు వైపు నుండి వచ్చినవారు. కూలి ఒక్క రూపాయి తగ్గించలేదు, ఒక్క రోజు ఆలస్యము చేయలేదు. ఒక రాత్రి పెద్ద వాన కురిసింది. తెల్లవారి చూస్తే ఒక తల్లి ఖాళీ సిమెంటు సంచులు కప్పిన గుడిసెలో, తడిసిన పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకొని కూర్చుని ఉంది. నా క్రింది ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. వారు ఎక్కడ పడుకుంటున్నారని నేను అన్ని నెలలలో ఒక్కసారి కూడా అడగలేదు.

మన పెద్దలు వట్టి చేతులతో వచ్చారు. మనము చదువుకొన్నాము, ఇళ్ళు కట్టుకొన్నాము. "ఎవరి దయ వల్లా కాదు, మా కష్టము వల్ల" అని పిల్లలకు చెప్పుకొంటాము. అది చాలావరకు నిజమే. కాని ఇప్పుడు మన ఇళ్ళకు ఇటుక మోసేవారు, మన ముసలివారిని చూచుకొనేవారు, ఒకనాడు మన తాతలు వచ్చినట్లే వచ్చినవారు. వారికి మనము ఏమి ఋణపడి ఉన్నాము? సింగపూరును అడిగే ముందు ఈ ప్రశ్న మన ఇళ్ళలో అడుగుకొందాము.

పోయిన ఏడు మా ఇంటికి రంగులు వేయించాను. బేరము మాట్లాడక ముందే మేస్త్రీని అడిగాను: "రాత్రిళ్ళు మీవాళ్ళు ఎక్కడ పడుకుంటారు నాయనా?" అతను నా ముఖము వింతగా చూశాడు. ఆ ప్రశ్న అంతవరకు అతన్ని ఎవరూ అడిగినట్లు లేదు.