ఆవు తల్లి అయితే మరి కోడె ఎవరు?



మొన్న ఆదివారం ఫ్యామిలీతో వేములవాడ దర్శనానికి బయల్దేరాం. కరీంనగర్ దాటాక దారిలో ఒక చిన్న డెయిరీ ఫామ్ దగ్గర ఆగాం. సిటీలో పుట్టిన మా పాపకి పాలంటే ప్యాకెట్టే. ఒక్కసారి ఆవుని ముట్టుకోవాలని దాని సరదా.

షెడ్డులో ఆవులు, ఓ మూల పాలు పితికే మిషన్, పక్కన లేగదూడలు. పాప గడ్డి పెడుతూ ఒక్కోదాని పేరు అడిగింది. లక్ష్మి, గౌరి, తులసి... అన్నీ ఆడపేర్లే. "మరి వీళ్ల అన్నయ్యలు ఎక్కడ అంకుల్?" అంది.

రైతు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాకేసి చూసి అన్నాడు: "ఇదివరకు కోడెకు నాగలి ఉండె, బండి ఉండె. ఇప్పుడు ట్రాక్టరాయె. పనిలేని కోడెను ఎన్నొద్దులు సాదుతం సార్? ఎవరన్న అడిగితే ఇచ్చేస్తం."

ఎవరికి ఇస్తారని నేను అడగలేదు. జవాబు తెలుసు కాబట్టే అడగలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఆవు ఈనితేనే పాలు. పుట్టే దూడల్లో దాదాపు సగం మగవే. ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్యకి ఎడ్లని అలంకరించి మొక్కుతారు. ఎందుకంటే ఇల్లు గడిచింది వాటి మెడ మీదే. ఇప్పుడు ఆ పని పోయింది. పైగా జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర కోడెలు ఎండకి అంతగా ఆగవు. ఆడదూడలే ఎక్కువ పుట్టేలా వేరు చేసిన వీర్యం వచ్చింది నిజమే. కానీ ఇప్పటికే పుట్టిన కోడె మాటేమిటి?

అదే రోజు రాజన్న గుడిలో కోడె మొక్కు తీర్చుకున్నాం. కోడెని పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేశాం. పాప దాని మెడ నిమిరింది. అప్పుడు మనసులో గుచ్చుకుంది. దారిలో ఎవరికీ అక్కర్లేనిదీ, ఇక్కడ మనం దండం పెట్టేదీ ఒకే కోడె కదా! భక్తులు సమర్పించిన కోడెల్ని దేవస్థానం గోశాలలో ఉంచుతుంది, రైతులకీ ఇస్తుంది. అంటే మొక్కు మనది, సాకే బరువు వేరేవాళ్లది.

అలాగని రైతుని తప్పుపట్టకండి. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో మహిళలే సభ్యులై పాల సహకార సంఘం నడుపుతున్నారు. పాల డబ్బంటే ఆ ఇళ్లల్లో పిల్లల ఫీజు, ఇంటి ఖర్చు. మనం పాలకి డబ్బులిస్తున్నాం, కోడె మేతకి ఎవరూ ఇవ్వట్లేదు. ఆ నష్టం మొత్తం రైతు ఒక్కడే ఎందుకు మోయాలి?

మన పెద్దలు చెప్పిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తినేముందు సాటి ప్రాణులకి వాటా తీయడం. గోమాత అని ఒక్కసారి నోరారా అన్నాక, ఆమె కొడుకు మనకి ఏమీ కాడని ఎలా అంటాం? పాలు మానేయమని నేను చెప్పట్లేదు. పాల ఖర్చు పక్కనే నెలకి ఇంతని కోడె మేతకి తీసిపెడదాం. దగ్గర్లో కోడెల్ని సాకే గోశాలకో, రైతుకో ఇద్దాం. ఇచ్చేముందు ఒకసారి వెళ్లి కళ్లారా చూద్దాం.

శివాలయంలో నంది చెవిలో మన కోరికలు చెప్పుకుంటాం. ఈసారి వెళ్లినప్పుడు, నందికి కూడా ఏమైనా కావాలేమో ఒక్క క్షణం ఆలోచిద్దాం.

ఓం నమః శివాయ.