ముద్ర ఉన్న కప్పు

ఒహాయోలో మేముండే ఊరి డౌన్‌టౌన్‌లో సాయంత్రాలు మందు కప్పు పట్టుకుని వీధిలో తిరగొచ్చు. 2015లో వచ్చిన రాష్ట్ర చట్టం ఊళ్ళకి ఆ వీలిచ్చింది. షరతులున్నాయి: గీసిన హద్దులు, నిర్ణీత వేళలు, ముద్ర ఉన్న ప్లాస్టిక్ కప్పు. అందులోది ఆ హద్దుల్లో, లైసెన్సున్న చోట కొన్నదే అయ్యుండాలి. బయటినించి తెచ్చుకుంటే తప్పు.

మొన్న నా చేతిలో అలాంటి కప్పుంది. పక్క బెంచీ మీద ఒకాయన, కాగితం సంచీలో చవక బీరు డబ్బా. పోలీసు నన్ను చూసి నవ్వుతూ తలూపాడు, ఆయన్ని లేపి పంపించేశాడు.

హద్దులు అక్కర్లేదనను. గాజు పెంకులూ, గొడవలూ, పిల్లలతో నడిచేవాళ్ళ ఇబ్బందీ నిజమే. బార్లో పోసేవాళ్ళకి ఎవరికి ఆపాలో చూసే బాధ్యత ఉంటుంది, అందుకే ఆ షరతు అంటారు. సబబుగానే ఉంది. కానీ నాకు మూడో కప్పు పోసినతను నా మొహమైనా చూడలేదు. బెంచీ మీదాయన ఎవరి జోలికీ పోలేదు. మరి ఆ నియమం కొలిచింది మా ప్రవర్తననా, జేబునా? ప్రవర్తననే అయితే ముందు లేవాల్సింది నేను.

ఈ మాట ఆ పోలీసుతో అనలేదు. కప్పు మీది ముద్ర నన్ను కాపాడుతోందని తెలుసు. అక్కడే అనుంటే బావుండేది.