అడిగెడివారు

ఓరుగంటిని, అనగా నేటి వరంగల్లును, ఒక్క దినమున చుట్టి చూచుట క్రొత్తగా పుట్టిన వాడుక కాదు. క్రీడాభిరామమున గోవింద మంచనశర్మయు, అతని మిత్రుడు టిట్టిభసెట్టియు ప్రొద్దుపొడిచినది మొదలు రాత్రి దనుక ఆ నగరపు వీథులు తిరిగి, అంగళ్ళును, ఆటపాటలును, గుడులును, పూటకూటి యిండ్లును చూచిరి. వీరగాథలు పాడువారికడ నిలిచి వినిరి. ఆ కావ్యము వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను తగవు పండితులకు విడుతము. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాయుచు దానినుండి అంతటి సామగ్రి తీయగలుగుటకు కారణము, ఆ మిత్రులిరువురు నగరమును చూచినపుడు కట్టడమును వేరుగను మనుష్యుని వేరుగను చూడకపోవుటయే యని నా నమ్మకము. వారు చూచిన గుడిలో మ్రొక్కువారుండిరి, అంగడిలో బేరమాడువారుండిరి, పాటచుట్టును వినువారు గుమిగూడి యుండిరి. నేడు మనము హైదరాబాదున తెల్లవారుజామున బస్సెక్కి, పెంబర్తిలో లోహశిల్పమును, ఖిల్లా వరంగల్లున కాకతీయుల శిథిలములను, మరలివచ్చుచు చేర్యాలలో పటచిత్రములను చూచి రాత్రికి ఇల్లు చేరు యాత్రలో, ఒక పూట రాళ్ళను, ఒక పూట మనుష్యులను వేర్వేరుగా చూచుచున్నాము. మార్గదర్శి యొకడు వెంటనుండి ఎక్కడ దిగవలెనో, ఎప్పుడెక్కవలెనో చెప్పుచుండును. అట్టి యాత్ర చేసివచ్చిన పిమ్మట నా మనస్సును విడువక పట్టియున్న ప్రశ్న యొక్కటే: శిథిలమనగా నేమి? రాయి విరిగినంత మాత్రమున శిథిలమగునా?

పెంబర్తి జనగామకు కొంచె మీవల, వరంగల్లు పోవు పెద్దబాట మీదనే యున్నది. విశ్వకర్మ కులజులు ఇత్తడి రేకుపై బొమ్మ లేపుట అక్కడి వృత్తి. గుగ్గిలమువంటి జిగురును నూనెతోను పొడితోను కలిపి కాచి పలకమీద మెత్తగా పరచి, రేకును వేడిచేసి దానిమీద అదిమి, చల్లారి బిగిసిన పిమ్మట సన్నని ఉలులతో మెల్లమెల్లగా కొట్టుచు, ఒకవైపు నుండి లోతు, మరియొక వైపు నుండి ఎత్తు తెత్తురు. క్రింది పదార్థము రాతివలె గట్టిగా నుండినచో రేకు చిట్లును, బురదవలె మెత్తగా నుండినచో దెబ్బ నిలువదు. ఆ రెంటి నడిమి గట్టిదనము ఎంతయో గ్రంథమున వ్రాసి చూపుట సాధ్యము కాదు, తండ్రి ప్రక్కన కూర్చుండి దెబ్బదెబ్బకును చెవియొగ్గిన కుమారునికి మాత్రమే తెలియును. నేను చూచుచుండగా ఒక పెద్దమనిషి నెమలి పింఛమును లేపుచుండెను. ఒక్కొక్క కన్నునకు ఉలి మార్చుచు, మార్చినప్పుడెల్ల తల యెత్తకయే చేతితో తడవి తనకు కావలసినదానిని తీసికొనుచుండెను. ఆ చేతికి గల చదువును చూచి నాకు భయభక్తులు కలిగినవి.

వారి పూర్వులు కాకతీయుల కాలమున దేవాలయములకును రథములకును పనిచేసిరని వారు చెప్పుకొందురు. ధ్వజస్తంభమునకు తొడుగులు, ద్వారబంధములకు రేకులు, స్వామివారి వాహనములకు కవచములు నేటికిని అక్కడినుండియే పోవుచున్నవి. వానితోపాటు సభలలో అతిథులకిచ్చు జ్ఞాపికలును, ఇంటి గోడలకు తగిలించు పలకలును తయారగుచున్నవి. మెరుగుపెట్టుటకు కరెంటు యంత్రము తిరుగుచుండెను. దానిని చూచి మా బృందములోని వారొకరు నొచ్చుకొని, పూర్వపద్ధతిని చేతితోనే తోమినచో ఎంత బాగుండునో గదా యనిరి. ఆ మాట సద్భావముతో ననినదే కాని, నాకది న్యాయముగా తోపలేదు. మనము మోటారు బండిలో వచ్చి, చల్లని నీరు త్రాగుచు, పనివాడు మాత్రము తన తాతనాటి శ్రమనే శ్రమించుచుండవలెనని కోరుట, వానిని జీవించియున్న మనుష్యునిగా గాక, కావలి పెట్టి కాపాడవలసిన ఒక రాతికంబముగా నెంచుటయే యగును. దెబ్బ వేయుట యందు నేర్పున్నది, తోముట యందు నొప్పి మాత్రమే యున్నది. ఏది విడువదగునో ఏది విడువరాదో ఆ పెద్దమనిషి మనకంటె బాగుగా నెరుగును.

అక్కడినుండి ఖిల్లా వరంగల్లు. కాకతీయ ప్రభువు గణపతిదేవుడు రాజధానిని హనుమకొండనుండి ఇటు మార్చెను. రాతికోట పని ఆతని కూతురు రుద్రమదేవి పూర్తి గావించెను. మట్టికోటను, అగడ్తను, రాతికోటను దాటి లోనికి పోవునప్పుడు త్రోవకిరువైపుల నేటి ఇండ్లు, కిరాణా దుకాణములు, బడికి పోవు పిల్లలు కనబడుదురు. ఆ కోట ఖాళీ కాలేదను సంగతి చాలమంది యాత్రికుల చూపునకు తగులదు, ఏలయన బస్సు వారిని తిన్నగా తోరణముల కడనే దింపును.

ఆ తోరణములను వర్ణించుటకు నాకు శక్తి చాలదు. నలుదిక్కుల నాలుగు నిలిచియున్నవి. జంట స్తంభములు, వానినుండి ఏటవాలుగా లేచి దూలమును మోయు బాహువులు, పైని తామరమొగ్గలు, కొనలయందు హంసలు. అంత బరువుగల రాయి అంత తేలికగా నిలుచుట చూచినచో కట్టినవారి యెడ ప్రేమ కలుగకుండ నుండదు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినపుడు రాజముద్రలో నిలిచినది ఈ రూపమే. తోరణములమీద దేవతామూర్తులు లేవు గనుకనే శత్రువులు వానిని ముట్టలేదని మార్గదర్శి చెప్పెను; అది నిజమో కాదో గాని, నాలుగింటి నడుమ నుండిన స్వయంభూదేవుని గుడి మాత్రము ముక్కలై నేలమీద పరచుకొని యున్నది. దూలముల తుండెములు, తల లేని నందులు, ఎక్కడివో తెలియని కప్పురాళ్ళు ఎండలో వరుసలు కట్టియున్నవి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూరు ముట్టడికి లోబడి కప్పము కట్టిన కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడు 1323లో ఉలుగ్‌ఖానునకు చిక్కి, ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున ప్రాణము విడిచెనని విలస శాసనము చెప్పుచున్నది. ఓరుగల్లు సుల్తాన్‌పురమైనది. పిమ్మట కాపయనాయకుడు నగరమును మరల గెలుచుకొన్నను, గుడి మునుపటి రూపున మరల లేవలేదు.

ఆ రాళ్ళ నడుమ నిలిచి మా బృందమువారడిగిన ప్రశ్నలన్నియు "ఎప్పుడు?" అనునవియే. ఉదయము పెంబర్తిలో అడిగినవి "ఎంత?" అనునవి. రాతిని కాలము అడిగితిమి, మనిషిని వెల అడిగితిమి. పెంబర్తి పెద్దమనిషిని, "ఈ దెబ్బ ఎప్పటిది?" యని ఎవరమును అడుగలేదు. అడిగియుండినచో, ఆ తోరణముకంటె అది చిన్నదని నిశ్చయించి చెప్పగలవా రెవరు? రేకు నిన్నటిదే, ఆ రేకుపై పడు దెబ్బ ఒక చేతినుండి మరియొక చేతికి ఎడతెగక వచ్చినది. తోరణము చెక్కిన ఉలిదెబ్బ వెంటనే నిలిచిపోయి రాతిలో మిగిలినది. పెంబర్తిలోని ఉలిదెబ్బ ఎక్కడను నిలువక, అందువలననే మిగిలినది.

కాబట్టి శిథిలత్వమునకు హేతువు కాలమని చెప్పుటకు నాకు మనసొప్పదు. యుద్ధమని చెప్పుట కొంత నిజమే, గాని అదియు చాలదు. ఇదే కాకతీయులు త్రవ్వించిన చెరువులు చూడుడు. పాకాల చెరువు గణపతిదేవుని నాటిది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడిని 2021లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించినది. ఆ గుడికి తోడుగా వెలసిన రామప్ప చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. గుడిని చూచుటకు జనులు వచ్చుచున్నారు, చెరువును వాడుకొనుటకు వచ్చుచున్నారు. ఈ చెరువులకు గండ్లు పడలేదా? పూడిక చేరలేదా? రాజ్యములు మారలేదా? అన్నియు జరిగినవి. ఐనను ఏటేట వానకాలమున కట్టమీదికి వచ్చి, "నీరెంత వచ్చినది, తూము తీయుదురా?" యని అడుగు రైతు తరతరములుగా నుండెను. అతడడిగెను గనుక గండి పూడినది. అతడడిగెను గనుకనే 2015లో ప్రభుత్వము చెరువుల పూడికతీతకు పూనుకొని ఆ పనికి కాకతీయుల పేరు పెట్టవలసివచ్చెను. ఓరుగల్లు గుడికిని ఈ చెరువులకును రాజులొక్కరే, దండెత్తినవారును ఒక్కరే. అడిగెడివారు నిలిచినచోట కట్టడము నిలిచినది, వారు చెదరినచోట రాళ్ళు మిగిలినవి. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి కల్యాణమండపమును మన కాలమున విప్పి, రాళ్ళకు అంకెలు వేసి, ఏండ్ల తరబడి శ్రమించి మరల నిలబెట్టి 2024లో తెరచిరి. దానికి ధనమెంత కావలసెనో, రాతిపని తెలిసిన చేతులును అంత కావలసెను. ఆ చేతులు దేశమున ఎక్కడనో ఒకచోట ఎవరో గుడి కట్టింపగోరుచుండుటచేతనే మిగిలియున్నవి.

ఈ తలంపుతో చేర్యాల చేరితిని. జనగామనుండి సిద్దిపేట పోవు త్రోవలో నున్న ఊరది. అక్కడి నకాషీలను చిత్రకారులు ఖాదీబట్టకు సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పలుమారులు పూసి ఆరబెట్టి, దానిమీద ఎర్రని నేల పరచి, కథను వరుసవరుసలుగా గీయుదురు. అది గోడకు తగిలించు చిత్రముగా పుట్టలేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు, గౌడులకు వారి పురాణము చెప్పు గౌడజెట్టీలు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పు కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు, ఇట్లు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క కథకుడును, ఆ కథకునికి పొడవైన యొక పటమును ఉండెడివి. రాత్రి దీపము వెలుగున పటమును కొంచెము కొంచెముగా విప్పుచు, కర్రతో బొమ్మను చూపుచు, పాడుచు, మాటలాడుచు కథ నడపెడివారు. ఈ కులములలో ననేకమునకు గుడిలో శిలాశాసనము లేదు. వారి పుట్టుక, వారి మర్యాద, వారి కష్టసుఖములు ఈ బట్టమీదనే వ్రాయబడినవి. రాజులకు కీర్తితోరణ మెట్టిదో వీరికి ఈ పటము అట్టిదని నేను గౌరవముతో చెప్పుచున్నాను.

పటము చినిగి పనికిరానిదైనచో ఏమి చేసెడివారో వినినపుడు నాకు ఆశ్చర్యము కలిగెను. కథకుడు నకాషీకడకు వచ్చి క్రొత్తపటము వ్రాయించుకొని, పూజచేసి స్వీకరించి, పాతదానికి మనుష్యునికి జరుపునట్లే విధి జరిపి ఏటిలో విడిచెడివాడట. పోగూడదని మనము వస్తుసంగ్రహాలయములలో అద్దముల వెనుక దాచునదానిని వారు తమంత తాము నీటికిచ్చిరి. క్రొత్తపటము వ్రాయు చేయియు, దానిని కోరు గొంతుకయు, వినుటకు కాచుకొనియుండు వాడయు ఉన్నంతవరకు పాతబట్టను పట్టుకొని వ్రేలాడవలసిన యవసరము వారికి లేకపోయెను. ఏటిలో పటము విడుచుటకు ఎంతటి ధైర్యము కావలెను! మరునాడు కథ నిలిచిపోవునను శంక యున్నవాడు ఆ పని చేయజాలడు.

ఇప్పుడా ధైర్యమునకు మూలమే కదలినది. నేను చూచిన యింటిలో చిన్న చిన్న పటములు, కొబ్బరిచిప్పమీద రంపపు పొట్టును చింతగింజల ముద్దను అద్ది చేసిన ముఖములు, చేతిసంచులు నుండెను. గీత ఏమాత్రము తగ్గలేదు. ఒక దేవత కనుబొమ్మను ఒక్క ఊపిరిలో తీర్చిన ఆ కుంచెపని చూచినవాడు కళ క్షీణించినదని చెప్పలేడు. పెద్దపటమేది యని నేనడుగగా ఆ చిత్రకారుడు, "గిప్పుడు కథ జెప్పేటోళ్లే తక్కువైన్రు సార్. అంత పెద్ద పటం ఎవరికోసమని గియ్యాలె?" అనెను. ఆ మాటలో ఫిర్యాదు లేదు. నిజముగా నన్నడిగిన ప్రశ్న అది. ఎవరికోసమో నేను చెప్పలేకపోతిని. భౌగోళిక గుర్తింపు వచ్చినది, ప్రదర్శనలు జరుగుచున్నవి, పురస్కారములు లభించుచున్నవి. చేయి నిలుచుటకు అవి యన్నియు అవసరమే, వానిని నేను తక్కువ చేయను. గోడ కోరునది ఒక్క బొమ్మనే. కథ కోరువాడే బారెడు బారెడు విప్పు పటమును కోరును. మనము కొనుట నేర్చుకొంటిమి, వినుట మానితిమి. ఓరుగల్లు గుడికి ఒక్క యుద్ధములో జరిగినది, ఈ పటమునకు దండు కదలకయే, ఎవరికిని నొప్పి తెలియకయే జరుగుచున్నది.

మార్గదర్శి, "అమ్మా, సార్, పది నిమిషాలల్ల బస్సుకాడికి రావాలె" యని పిలిచెను. అతని తప్పేమియు లేదు. మేము కోరిన యాత్ర అట్టిది. నాకు శక్తియున్నచో దీనిని వేరుగా నడుపుదును. కోట ఒక దినము, ఊళ్ళు ఒక దినము. చేర్యాలకు వచ్చువారు కొనకపోయినను సరే, సాయంకాలమునకు చేరి, కూనపులివారినో డక్కలివారినో పిలిపించి, వారడిగిన సంభావన ముందుగా నిచ్చి, ఆ ఊరి పద్మశాలీలును మాదిగలును ముందు వరుసలలో, యాత్రికులు వెనుక కూర్చుండగా, ఒక్క కథనైనను తుదిముట్ట వినవలెను. జనగామ, సిద్దిపేట జిల్లాల బడులు కొన్ని కూడి యేటికొక పూర్తిపటము వ్రాయించినను, నకాషీ పిల్లవాడు పొడవైన బట్టమీద చేయి త్రిప్పుట మరువకుండును. దానికగు వ్యయము ఒక శిలాతోరణము చుట్టును ఇనుపకంచె వేయించు ఖర్చునకు మించదని నేననుకొందును. రాత్రి బస్సులో నా ప్రక్కన కూర్చున్న ఉపాధ్యాయినితో ఈ మాట చెప్పితిని. ఆమె తన బడిలో గౌడుల పిల్లలును, సాలెవారి పిల్లలును చాలమంది కలరనియు, తమ కులమునకొక పురాణము కలదను సంగతియే వారిలో ఎవరును ఎరుగరనియు చెప్పి, ఆ చిత్రకారుని ఊరికి పోవు త్రోవను, కథకులెక్కడ నుందురో కనుగొను విధమును మార్గదర్శిని అడిగి వ్రాసికొనెను.