చలిదినమున పోటీ

ధ్యానభాగము: యోహాను 21:1–22, 1 థెస్సలొనీకయులకు 4:11

ఇంగ్లండు దేశమందు గాలముతో చేపలు పట్టు పోటీలు వేసవిలోనే గాక జనవరి, ఫిబ్రవరి మాసముల చలిలోను జరుగుచుండును. ఉదయమున చెరువు గట్టున కూడుకొనినవారు ఒక్కొక్కరుగా సంచిలో చేయిపెట్టి చీటి తీయుదురు. చీటిమీది అంకె ఏ స్థలమును చూపునో ఆ స్థలముననే ఆ దినమంతయు కూర్చుండవలెను. ఈల మ్రోగిన తరువాతనే గాలము నీటిలో పడవలెను. రెండవ ఈలకు అది పైకి రావలెను. ఈ రెంటి నడుమ సుమారు అయిదారు గంటల కాలము. పట్టుబడిన చేపలను నీటిలో వ్రేలాడు వలసంచిలో సజీవముగా ఉంచి, తుదకు తూకము వేసి, తిరిగి చెరువులోనికి విడిచిపెట్టుదురు. ఎవరి తూకము హెచ్చునో వారిదే గెలుపు.

ఈ పోటీలలో అనేకముగా కోరబడునది కార్పు చేప. తెలుగువారు దీనిని బంగారు తీగ అందురు. మన బొచ్చె, శీలావతి చేపలు దీనికి దగ్గరి చుట్టములే. ఇది పుట్టుకతో ఈ దేశపు చేప కాదు. 1939లో సింహళమునుండి నీలగిరులకును, 1957లో బ్యాంకాకునుండి మరియొక రకముగాను ఇచ్చటికి తేబడెను. చేప దేహమునకు స్వంత వేడిమి లేదు. నీరు చల్లబడినకొలది దాని రక్తమును చల్లబడును. నీటి వేడిమి పది డిగ్రీలకు దిగినప్పుడు కార్పు కదలుటయు మేయుటయు మిక్కిలి తగ్గించి, గుంపుగా ఒకచోట చేరి మందముగా నిలిచియుండును. సృష్టికర్త యేర్పాటును ఇచ్చట గమనింపదగును. నీరు నాలుగు డిగ్రీలయొద్ద మిక్కిలి బరువెక్కి అడుగునకు దిగును; అంతకంటె చల్లనిది పైననే నిలిచి గడ్డకట్టును. కాబట్టి పైన మంచు పరచుకొనినను క్రింద ప్రాణము నిలుచుచున్నది. పైకి ఏమియు కానరాని చెరువు చచ్చిన చెరువు కాదు.

అట్టి దినమున గట్టుమీద కూర్చున్నవానికి మూడు శోధనలు కలుగును. ప్రభువు పనిలోనున్న ప్రతివానికిని అవే కలుగును.

మొదటిది స్థలమును గూర్చిన శోధన. చేపలు ఒక మూలకు చేరియుండగా చీటి మరియొక మూలకు వచ్చినయెడల నేర్పరియైనను రిక్తహస్తములతో కూర్చుండును. ప్రక్కవాని బెండు మాటిమాటికి మునుగుచుండగా తన బెండు కదలక నిలుచుట చూచుట చలికంటె బాధాకరము. సంఘసేవలోను ఇంతే. ఒకనికి వందలమంది కూడు పట్టణ సంఘము లభించును. ఒకనికి పండ్రెండు కుటుంబముల పల్లె లభించును. ఒక సహోదరి యేండ్లకొలది నలుగురు పిల్లలకే ఆదివారపు బడి నడిపించును. చీటి ఒడిలో వేయబడినను నిర్ణయము యెహోవాదేయని సామెతల గ్రంథకర్త బోధించెను (16:33). ఆ నిర్ణయమును నమ్మనివాడు తన స్థలమును ద్వేషించును. ద్వేషించిన స్థలములో ఎవడును బాగుగా పనిచేయజాలడు.

రెండవది ఎరను గూర్చిన శోధన. చేప ముట్టకున్నప్పుడు ఓపికలేనివాడు మరింత ఎర చల్లును. అనుభవశాలి ఆలాగు చేయడు. చల్లని నీటిలో చేప తినునది స్వల్పము. చల్లిన మేత అడుగున పడియుండి అతని గాలమునకే అడ్డుపడును. కాబట్టి అతడు దారమును సన్నము చేయును, గాలమును చిన్నది చేయును, ఒక్కొక్క పురుగునే ఎరగా వేయును. బెండు వెంట్రుకవాసి కదలినను గుర్తించునట్లు కన్నార్పక చూచును. ఫలము కానరాని కాలమున సేవకుడును తొందరపడి ఆర్భాటమును పెంచగోరును. సభలు పెరుగును, శబ్దము పెరుగును, వాగ్దానములు పెరుగును. ఒక్క యాత్మ నిశ్శబ్దముగా తన తట్టు తిరిగిన క్షణమును మాత్రము అతడు గమనింపడు.

మూడవది తూకమును గూర్చిన శోధన. దినాంతమున త్రాసు వచ్చును. అంకెలు బిగ్గరగా చదువబడును. సంఘములకును వార్షిక నివేదికలు కలవు. లెక్క వ్రాయుట పాపము కాదు. పేతురు ఒడ్డునకు లాగిన వలలోని చేపలు నూట ఏబదిమూడని యోహానును వ్రాసియుంచెను. అయితే లెక్క ముగిసిన కొలదిసేపటికే అదే ఒడ్డున పేతురు వెనుకకు తిరిగి, ప్రభువు ప్రేమించిన శిష్యుని చూచి, ఇతని సంగతి ఏమని అడిగెను. తన గొఱ్ఱెలను మేపుమని ముమ్మారు ఆజ్ఞనొందిన పెదవులతోనే అతడు పొరుగువాని పాలెంతయని విచారించెను! అది నీ పని కాదు, నీవు నా వెంట రమ్మని ప్రభువిచ్చిన ప్రత్యుత్తరము ఆ దినమున ఒక్క పేతురునకే కాదు.

అట్లయిన విశ్వాసికి పోటీయే తగదా? అపొస్తలుడైన పౌలు ఆలాగు చెప్పలేదు. గ్రీకు భాషలో ఫిలోతిమెయొమాయ్ అను క్రియ కలదు. ఘనతను ప్రేమించుట, దానికొరకు పోటీపడి ప్రయాసపడుట అని దాని మూలార్థము. పట్టణపు పెద్దలు బిరుదులకొరకు పడు తాపత్రయమునకు లోకము ఆ మాటను వాడెను. క్రొత్త నిబంధనలో అది మూడు చోట్లనే కనబడును. క్రీస్తు నామము ఎరుగబడనిచోట, మరియొకడు వేసిన పునాదిమీద గాక, సువార్త ప్రకటించుట పౌలునకు ఘనత (రోమా 15:20). దేహమందున్నను దేహమును విడిచినను ప్రభువునకు ఇష్టులైయుండుట ఘనత (2 కొరింథీ 5:9). నెమ్మదిగా నుండి, స్వంత కార్యములను జరుపుకొనుచు, తమ చేతులతో పనిచేయుట ఘనత (1 థెస్స. 4:11). మూడింటిలో ఒక్కదానికైనను ప్రక్కవాని త్రాసు అవసరము లేదు. పోటీపడుము, అయితే నెమ్మదికొరకు పోటీపడుము అనుట ఎంత విచిత్రమైన ఆజ్ఞ!

ఐజాక్ వాల్టన్ అను ఆంగ్లేయ క్రైస్తవుడు 1653లో ‘ది కంప్లీట్ ఆంగ్లర్’ అను గ్రంథమును ప్రకటించి, ఈ నెమ్మదిని గూర్చిన మాటతోనే దానిని ముగించెను. అది శాంతికాలము కాదు. అంతర్యుద్ధము దేశమును చీల్చియుండెను. 1649లో రాజు శిరచ్ఛేదము జరిగెను. అనేక గురువులు తమ సంఘములనుండి వెళ్లగొట్టబడిరి. అట్టి చలికాలమున అతడు నెమ్మదిని సోమరితనముగా కాక సాధనగా చూచెను.

తెలుగు సంఘమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1836లో తెలుగు దేశమునకు వచ్చిన శామ్యూల్ డే 1840లో నెల్లూరున సేవ నెలకొల్పెను. ఏండ్లు గడచినను ఫలము అత్యల్పము. ఈ సేవను మూసివేయుదమా అని అమెరికాలోని వారు ఒకసారి కాదు, పలుమారు తర్కించిరి. 1853లో డే అనారోగ్యముచేత స్వదేశమునకు మరలిపోయెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండపై మోకరించి ఆ ప్రాంతమునకొక సేవకుని అడిగిరి. జాన్ క్లౌ ఒంగోలు చేరునప్పటికి పండ్రెండేండ్లు గడచెను. 1876–78 నాటి గొప్ప కరవులో అతడు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్ల పనిని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అయితే ఆ సహాయము జరిగినన్నాళ్లు బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నమును ఎరగా వాడుటకు అతడు సమ్మతింపలేదు. వలను నింపుకొన సులభమైన దినమున వలను దించకుండుటకంటె కఠినమైన విధేయత ఏది? కరవు సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ తూకము ఎవరి పేర వ్రాయవలెను? డే ఆ దినమును చూడలేదు. అయినను అతడు కూర్చున్న గట్టు వ్యర్థము కాలేదు. నాటువాడును నీళ్లు పోయువాడును ఒక్కటేయనియు, వృద్ధి కలుగజేయువాడు దేవుడేయనియు పౌలు కొరింథీయులకు బోధించెను. ప్రతివాడు తన కష్టముకొలది జీతము పొందును. తన తూకముకొలది కాదు.

మరియొక సంగతి కలదు. చలివేయుచున్నందున ప్రధానయాజకుని ముంగిట వేయబడిన నిప్పులయొద్ద పేతురు ప్రభువును ఎరుగనని బొంకెను (యోహాను 18:18). తిబెరియ సముద్రతీరమున ప్రభువు శిష్యులకొరకు నిప్పులు సిద్ధపరచెను (21:9). రెండు చోట్లను యోహాను వాడిన గ్రీకు మాట ఒక్కటే, అంత్రకియ. క్రొత్త నిబంధనలో మరెచ్చటను అది లేదు. రాత్రియంతయు ఏమియు పట్టక తడిసి వచ్చినవారికి ఎదురైనది త్రాసు కాదు, నిప్పులు. వారు పట్టిన చేపలు ఇంకను వలలో ఉండగానే ఆ నిప్పులమీద చేపయు రొట్టెయు కాలుచుండెను. వారి కష్టఫలముకంటె ముందుగా ఆయన కృప సిద్ధమైయుండెను.

కాబట్టి వలసంచి వట్టిదైన సేవకుడు సిగ్గుపడి చీకటిలో ఇంటికి మరలనక్కరలేదు, నిండినవాడు అతిశయింపనక్కరలేదు. తనకు వచ్చిన స్థలమున నమ్మకముగా కూర్చుండి, కడపటి ఈల వరకు కన్నార్పక కనిపెట్టిన ప్రతివానిని ఒడ్డున ఒకడు పిలుచుచున్నాడు. ఆయన మొదట అడుగునది ఎన్ని పట్టితివని కాదు. నన్ను ప్రేమించుచున్నావా అనియే.

ప్రార్థన: ప్రభువా, నీ సేవకులు తమ పాలిటి స్థలమును ప్రేమింపనిమ్ము. పొరుగువాని త్రాసునుండి వారి కన్నులను త్రిప్పుము. చలిదినమున నీ నిప్పులయొద్దకు వారిని చేర్చుము. ఆమేన్.