గొంతు ఎవరిది, పేరు ఎవరిది?

ఏటా గ్రామీ అవార్డుల హడావిడి మొదలవగానే, ఆ ఏటి విజేతలకంటే ముందు, బహుమతి పోగొట్టుకున్న ఇద్దరు నాకు గుర్తొస్తారు. రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్. ‘మిల్లీ వనిల్లీ’ జంటగా 1990 ఫిబ్రవరిలో ‘ఉత్తమ నూతన కళాకారులు’గా గ్రామీ అందుకున్నారు. అదే ఏడాది నవంబరులో, ఆ రికార్డుల్లో వాళ్ళ గొంతులు లేనేలేవని నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ బయటపెట్టాడు. కొద్దిరోజుల్లోనే బహుమతి వెనక్కి తీసేసుకున్నారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు, ఇందులో అంత తప్పేముందీ అనిపించింది నాకు. ఒకరు పాడుతుంటే ఇంకొకరు పెదాలు కదపడం చూస్తూ పెరిగినవాళ్ళం కదా! తెరమీద రామారావైనా నాగేశ్వరరావైనా లోపల ఘంటసాలే. మోసపోయామని ఏ ప్రేక్షకుడూ గొడవ చెయ్యలేదు.

ఆలోచించగా తట్టింది: తేడా పెదాల్లో లేదు, పేరులో ఉంది. రేడియోలో పాట వెయ్యబోయేముందు పాడినవాళ్ళ పేర్లు చదివేవారు. అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకున్నది ఆచారం. తెలియకుండా దాచింది మోసం.

ఇంతటితో ఆపేస్తే మనం మంచివాళ్ళమైపోతాం. కానీ మన దగ్గరా ఆ పేరు ఊరికే రాలేదు. 1949లో ‘మహల్’ పాట రికార్డు మీద గాయని పేరు మొదట ‘కామిని’ అని పడింది. అది కథలో పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. తరవాత ‘చోరీ చోరీ’ సంగీతానికి శంకర్-జైకిషన్‌లకి ఫిల్మ్‌ఫేర్ వస్తే, ఆ సభలో పాడడానికి ఆవిడ ఒప్పుకోలేదు. గాయకులకి బహుమతే లేనిచోట నేనెందుకు పాడాలన్నది ఆవిడ ప్రశ్న. కావాలంటే గొంతు లేకుండా ఒట్టి వాయిద్యాలతో కానిచ్చుకోమందిట. 1959లో గాయకులకీ బహుమతి పెట్టారు. ‘మధుమతి’ పాటకి ఆ తొలి బహుమతి ఆవిడకే వచ్చింది.

మళ్ళీ గ్రామీ దగ్గరికొద్దాం. వెనక్కి తీసుకున్న బహుమతి ఏమైంది? ఆ ఏటి స్థానం ఖాళీగా ఉండిపోయింది. నిజంగా పాడిన ఛార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్ పేర్లు అక్కడ చేరలేదు. వాళ్ళూ డబ్బు తీసుకుని పాడారు, ఆ మోసంలో భాగస్థులే కదా అనొచ్చు. నిజమే, బహుమతి వాళ్ళకి ఇచ్చి తీరాలని నేనూ అనను. కానీ పథకం వేసిన నిర్మాత దగ్గర లాక్కోడానికి బహుమతి లేదు, పాడినవాళ్ళకి ఇవ్వడానికి మనసు లేదు. శిక్షంతా ముఖాలు కనబడిన ఇద్దరి మీదే పడింది. పిలాటస్ 1998లో చనిపోయాడు. అబద్ధాన్ని కొట్టేస్తే సంస్థ పరువు నిలబడుతుంది. న్యాయం జరగాలంటే మాత్రం ఆ కొట్టివేత పక్కన అసలు పేరు కూడా రాయాలి.

ఇలా తీర్పులు చెప్పడం తేలికే. 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన పొద్దున నేను ఊరందరికీ పంపిన వాట్సాప్ మెసేజ్ ఇంకా ఫోన్లో ఉంది. కీరవాణి, చంద్రబోస్, రాజమౌళి, హీరోలిద్దరూ... అందరి పేర్లూ రాశాను. ఆ బహుమతి నియమం ప్రకారం పాట కట్టినవారికీ రాసినవారికీ చెందుతుంది, అందులో పేచీ లేదు. కానీ అదే రాత్రి అదే వేదిక మీద పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల పేర్లు నా మెసేజ్‌లో లేవు. నేనేమీ అబద్ధం చెప్పలేదు, ఎవర్నీ మోసం చెయ్యలేదు. నాకు గుర్తు రాలేదు, అంతే. పేరు చెరిపెయ్యడానికి ఫారియన్‌లాంటి వాళ్ళే అక్కర్లేదని ఆ మెసేజ్ చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

అన్నట్టు, 2026 గ్రామీ నామినేషన్లలో ఫాబ్ మోర్వాన్ పేరు మళ్ళీ కనబడింది. పాటకి కాదు, ఆడియో పుస్తకానికి. తన కథని ఈసారి తన గొంతుతో తనే చదివాడు.