మత్తుకు విరుగుడు: లాఠీయా? వైద్యమా?



ఒక ఆదివారం పూజ ముగిసి జనమంతా వెళ్ళిపోయాక, ఒక తల్లి మాత్రం గుడి మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఫాదర్‌గారూ, ఎస్సైగారితో ఒక్కమాట చెప్పండి. మావాణ్ణి పది రోజులు లోపల వేయించండి. నాలుగు తగిలితే వాడే దారికొస్తాడు. ఇక నావల్ల కాదు" అన్నది. గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్ళి సంపాదించుకున్న కూలి డబ్బును ఆమె బియ్యం డబ్బాలో దాచుకుంది. కొడుకు ఆ డబ్బాను నేలమీద బోర్లించి, బియ్యం అలాగే వదిలేసి, డబ్బు పట్టుకుపోయాడు. అడ్డం వచ్చిన భార్యను కొట్టాడు.

కనిగిరిలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. పూర్వం సారా, ఇప్పుడు బ్రాందీ, కొందరు కుర్రవాళ్ళ చేతుల్లో గంజాయి. ఆ తల్లి అడిగినది మనమందరం మనసులో అడుగుతున్న ప్రశ్నే. మత్తుకు బానిసైనవాణ్ణి పోలీసులకు అప్పగించాలా, వైద్యునికి అప్పగించాలా? వాడు చేస్తున్నది నేరమా, వాడికి వచ్చినది రోగమా?

ఆమెకు వెంటనే "సరే" అనలేకపోయాను. ఎందుకో చెబుతాను. దీనిని నా పాపసంకీర్తనమే అనుకోండి. చాలా ఏళ్ళ క్రితం మరొక విచారణలో ఉండగా ఒక ఇల్లాలు ఇలాగే వచ్చి అడిగింది. నాకప్పుడు రెండో ఆలోచన రాలేదు. తెలిసిన పెద్దమనిషి చేత చెప్పించి ఆమె భర్తను లాకప్పులో పెట్టించాను. మంచి పని చేశానని తృప్తిగా నిద్రపోయాను కూడా. రెండవ రాత్రి అతనికి ఒళ్ళంతా వణుకు వచ్చి, తర్వాత ఫిట్సు వచ్చాయి. గోడమీద లేని పురుగులను దులుపుతూ కేకలు వేశాడట. సమయానికి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి బ్రతికాడు. "ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడికి తాగుడు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది ఫాదర్. దగ్గరుండి, మందులిచ్చి మాన్పించాలి" అన్నారు అక్కడి డాక్టరుగారు. సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్నాను గాని, ఈ సంగతి నాకు ఆనాటిదాకా తెలియదు.

తెలియకపోవడం నా ఒక్కడి తప్పు కాదు, మన సమాజమంతటి తప్పు. దానికి సాక్ష్యం దూరాన లేదు.

1990 దశకం మొదట్లో మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద స్త్రీలు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య స్త్రీల ధైర్యం వల్ల ఆ ఉద్యమం ఊరి నుండి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుండి ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. ఆ రోజులలో ఎన్నో ఇళ్ళలో సాయంకాలం పొయ్యి వెలిగింది. చట్టం చెడును అడ్డుకోలేదని అనేవారు ఆ తల్లుల ముఖాలు గుర్తు చేసుకోవాలి. కాని దుకాణాలు మూసినంత సులభంగా దాహం మూతపడలేదు. దొంగసారా వచ్చింది, పొరుగు రాష్ట్రాల సరుకు వచ్చింది, ఖజానాకు లోటు వచ్చింది. 1997లో నిషేధాన్ని సడలించారు.

రెండవ సాక్ష్యం ఇంకా దగ్గరిది, ఇంకా బాధాకరమైనది. 2020 జూలై చివరిలో, కరోనా కట్టడి కారణంగా ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. తాగకుండా ఉండలేనివారు చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరును నీళ్ళలో కలుపుకుని తాగారు. పదిమందికి పైగా చనిపోయారు. వారిలో బిచ్చమెత్తుకునేవారు, కూలి చేసుకునేవారు ఉన్నారు. "తాగుబోతులు, పోతే పోయారు" అన్న మాట నేను చెవులారా విన్నాను. ఆ మాట అన్నవారు ఆదివారం గుడికి వచ్చేవారే! ప్రియులారా, ఆలోచించండి. అది విషమని తెలిసీ చెయ్యి చాచేవాడు సుఖం కోసం తాగుతున్నాడా? సుఖం ఎప్పుడో పోయింది. మిగిలినది సంకెల. ఆ దుకాణానికి తాళం వేయడం అవసరమే కావచ్చు. కాని తాళం వేసిన రోజున, ఆ వణికే చేతులను పట్టుకునే మరొక చెయ్యి లేదు.

దేశమంతటా ఆ రెండవ చెయ్యి ఎంత బలహీనమో ఒక లెక్క చెబుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మందికి అందినవి ఏమిటి? తిట్లు, తన్నులు, తాయెత్తులు, ఒట్లు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "మొదటి గ్లాసు వాడు తన చేత్తో ఎత్తుకున్నదే గదా? ఎవరు పోశారు?" నిజమే. అరిస్టాటిల్ అనే తత్వవేత్త దీనికి ఒక ఉపమానం చెప్పాడు. చేతిలో ఉన్నంతవరకు రాయి విసరాలా వద్దా అన్నది నీ ఇష్టం. విసిరాక దానిని వెనక్కి పిలవలేవు. కనుక మనిషికి బాధ్యత ఉంది. పునీత అగుస్తీనువారు తన యౌవనాన్ని తలచుకుని మరొక మెట్టు చూపారు. చెడు కోరిక అలవాటవుతుంది, ఎదిరించని అలవాటు అవసరంగా మారుతుంది, ఒక కడియానికి మరొక కడియం తగిలి గొలుసు తయారవుతుంది. శ్రీసభ సత్యోపదేశం కూడా ఈ రెండింటినీ కలిపే చెబుతుంది. మత్తుమందుల వాడకం ఘోరమైన తప్పిదం. అయినా భయమూ, అలవాటూ వంటివి మనిషి బాధ్యతను తగ్గించవచ్చు. కాబట్టి "వాడి తప్పేమీ లేదు" అన్నది అబద్ధం. "మానాలనుకుంటే రేపే మానగలడు" అన్నదీ అబద్ధమే.

అయితే తప్పు ఎవరిదో తేలేదాకా ఆగాలా? ఒడ్డున ఆడవద్దని ఎంత చెప్పినా వినక కుర్రవాడు బావిలో పడ్డాడు. ఊరివాళ్ళు ముందు తాడు వేస్తారా, తగువు తీరుస్తారా?

అలాగని పోలీసులు అక్కర్లేదని నేను అనడం లేదు. పునీత తోమాసు అక్వినాసువారు మానవ చట్టం పరిధిని చక్కగా గీశారు. చట్టం ప్రతి దుర్గుణాన్నీ దండించలేదు. ముఖ్యంగా ఇతరులకు హాని చేసే వాటిని అది అడ్డుకోవాలి. ఆ కొలత పెట్టి చూడండి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రాష్ట్ర పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అంత సరుకు కొండలు దిగి మన కాలేజీల దాకా వచ్చి ఉంటే ఎన్ని ఆసుపత్రులు సరిపోతాయి? పిల్లల మీద వ్యాపారం చేసేవానికి లాఠీ కాదు, జైలే తగినది. తాగి భార్యను కొట్టినవాడి విషయంలోనూ అంతే. రోగం పేరు చెప్పి ఆ దెబ్బలు మాఫీ చేసే అధికారం నాకు లేదు, మీకూ లేదు. ఆమె రక్షణ కోరి స్టేషనుకు వెళితే "సంసారం బజారున పెట్టింది" అనకండి.

మన చట్టమే ఈ తేడాను ఎరుగును. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం అమ్మేవారికి కఠిన శిక్షలు పెట్టింది. గంజాయి తాగినవానికి కూడా ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. కాని దోషిగా తేలిన బానిసను, అతడు ఒప్పుకుంటే, జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. కొద్దిపాటి సరుకుతో పట్టుబడ్డ బానిస తానై చికిత్సకు ముందుకు వస్తే, 64-ఎ సెక్షన్ అతనికి కేసు నుండి రక్షణ కల్పిస్తుంది. ఈ సంగతి మన కుటుంబాల్లో ఎందరికి తెలుసు?

తుపాకీ ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో మన కతోలిక దేశమైన ఫిలిప్పీన్స్ చూసింది. 2016లో మొదలైన మత్తుమందుల యుద్ధంలో పోలీసుల చేతుల్లో మరణించినవారు, అధికార లెక్కల ప్రకారమే, 6 వేలకు పైగా ఉన్నారు. ఎక్కువమంది పేటల్లోని పేదలు. అప్పుడు అక్కడి మేత్రాణులు గొంతెత్తారు. మనీలా అగ్రపీఠం విచారణల్లోనే బానిసలకు చేయూతనిచ్చే కార్యక్రమం ప్రారంభించింది. గుడి తలుపు తెరిచి ఉంటే ప్రాణాలు నిలుస్తాయని వారు చూపించారు.

ఇప్పుడు లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని తలచుకుందాం. యెరూషలేము నుండి యెరికోకు వెళ్ళే దారిలో దొంగలున్నారు. ఆ దారికి కాపలా కావాలి. అది పోలీసుల పని. కాని దొంగలను పట్టుకున్నంత మాత్రాన పడివున్నవాడి గాయం మానదు. అతనికి నూనె, ద్రాక్షారసం, కట్టు, సత్రం కావాలి. మన తప్పు ఏమిటంటే, దొంగకు వేయవలసిన సంకెళ్ళు గాయపడినవానికి వేస్తున్నాం. ఇంకొకటి గమనించండి. సమరీయుడు రెండు దీనారాలిచ్చి చేతులు దులుపుకోలేదు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. స్వస్థత ఒక్కసారితో అయ్యే పని కాదని అతనికి తెలుసు.

మన శ్రీసభ కూడా ఈ పాఠాన్ని ఆలస్యంగానే నేర్చుకుంది. చైనాలో మార్కు జీ తియాన్‌షియాంగ్ అనే వైద్యుడు కడుపు నొప్పికి నల్లమందు వాడి, దానికి బానిసయ్యాడు. పదే పదే అదే పాపం ఒప్పుకుంటున్నాడని గురువులు అతనికి పాపవిమోచనం ఆపేశారు. 30 ఏళ్ళు దివ్యసత్ప్రసాదం లేకుండానే అతడు గుడికి వస్తూ ఉన్నాడు. 1900లో విశ్వాసం కోసం కుటుంబంతో సహా ప్రాణమిచ్చాడు. తనవారెవ్వరూ ఒంటరిగా చనిపోకూడదని తనను చివర చంపమని వేడుకున్నాడు. 2000 అక్టోబరు 1న జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు ఆయనను పునీతుల వరుసలో చేర్చారు. మనం వెలుపల నిలబెట్టినవానిని దేవుడు పీఠం దగ్గర నిలబెట్టాడు. గురువునైన నేను ఈ కథ చదివినప్పుడల్లా తల దించుకుంటాను.

ఇంతకూ ఆ తల్లి సంగతి చెప్పలేదు. కోడలిని, పిల్లలను కొన్నాళ్ళు పుట్టింటికి పంపించాము. మళ్ళీ చెయ్యి ఎత్తితే ఫిర్యాదు ఇచ్చి తీరుతామని అతని ఎదుటే చెప్పాము. విచారణలో తాగుడు మానిన ఒక పెద్దాయన తోడు రాగా, అతణ్ణి ఆసుపత్రిలో చేర్చాము. మూడు నెలలు ఇంటిపట్టున ఉన్నాడు, పనికి వెళ్ళాడు. క్రిస్మస్ పండుగ నాడు మళ్ళీ తాగాడు. మర్నాడు ఆ తల్లి వచ్చి అదే మెట్ల మీద కూర్చుంది. ఈసారి ఎస్సైగారి పేరు ఎత్తలేదు. "మళ్ళీ తీసుకెళ్ళాలి గదా ఫాదర్, బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. సమరీయుని రెండవ మాట నాకు అప్పుడు అర్థమైంది.

ప్రియ కుటుంబాలారా, మీ ఇంట్లో ఇలాంటివారుంటే దాచకండి. సిగ్గు రోగాన్ని పెంచుతుంది. ఒక్కసారిగా తాగుడు మాన్పించి గదిలో పెట్టకండి, డాక్టరుకు చూపండి. కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను 14446లో సలహా దొరుకుతుంది. ఊళ్ళో గంజాయి అమ్మేవాడు తెలిస్తే మన కులమని, మన బంధువని నోరు మూసుకోకండి. రాష్ట్ర పోలీసుల 1972 నంబరుకు చెప్పండి. మానినవారు తిరిగి పడిపోతే "నేను ముందే చెప్పాను" అనకండి. తాళం వేసే చేతిని ప్రభుత్వానికి వదిలేసినా, కట్టు కట్టే చెయ్యి మాత్రం మనదే కావాలి.

మన గుడి మెట్ల మీద కూర్చున్న తల్లులందరినీ మరియమాత తన కొంగు క్రింద దాచుకొనునుగాక!